ప్రయాణం ఎప్పుడండీ

మా గోదారి మర్యాదకి బలైపోయినవాడు ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. నమ్మకపోతే, మండపేటలో మా తమ్ముడింట్లో నేనున్న పదహారు రోజుల సంగతి వినండి.

అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్ళు టాంజానియాలో ఉన్నాను. చిన్న బంగారు గని, దాని చుట్టూ మూడొందల ఎకరాల మొక్కజొన్న. అక్కడ నేను దొరని. పన్నెండు కుర్చీల బల్ల దగ్గర ఒక్కణ్ణే కూర్చుని తినేవాణ్ణి. కూర్చోవయ్యా అంటే వంటవాడు భయపడేవాడు. తెలుగు మాట్లాడ్డానికి మనిషి దొరక్క రాళ్ళు పగలగొట్టే మెషీన్ని తిట్టుకునేవాణ్ణి. అది మొరాయించినప్పుడల్లా "ఓరి నీ దుంపతెగ!" అని అరిస్తే, కొన్నాళ్ళకి కూలీలు కూడా అదే నేర్చేసుకున్నారు. పెళ్ళంటారా, వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అంటూనే తల నెరిసిపోయింది.

కిందటేడు మలేరియాతో ఆస్పత్రిలో పడ్డాను. జ్వరంలో తెలుగులో ఏదో అడుగుతుంటే నర్సు పాపం నవ్వుతూ తలూపింది. నేనడిగింది మంచినీళ్ళు. ఇక చాలు అనిపించింది. లేచి తిరగ్గానే గనీ పొలమూ అమ్మేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెబుదామని, మా తమ్ముడి మొహం ఎలా వెలిగిపోతుందో చూద్దామని నా ఆశ. వాడి మేడ మీద ఒక గది ఖాళీగా ఉందని కూడా నాకు తెలుసు.

దిగిన రోజునుంచే మొదలైంది. పనసపొట్టు కూర, కోడి పలావు, గుమ్మడికాయ దప్పళం, మీగడ పెరుగు, పైన పూతరేకులు. "మొహమాటపడకండి బావగారూ, మీరు కానివ్వండి, మేం తర్వాత తింటాం" అని మా మరదలు కొసరి కొసరి వడ్డించేది. తమ్ముడు విసనకర్ర ఒక్కటే తక్కువగా పక్కన నిలబడేవాడు. ఇక్కడా నేను ఒక్కణ్ణే తింటున్నానని వాళ్ళకెవరు చెప్తారు?

ఒకరోజు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళాను. మొగుడూ పెళ్ళాం గట్టు మీద కూర్చుని చద్దన్నంలో ఆవకాయ నంజుకుంటూ ఎవరిమీదో జోకులేసుకుని పడీపడీ నవ్వుతున్నారు. నాకూ ఓ ముద్ద పెట్టమ్మా అన్నాను. నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. "అయ్యయ్యో, మీకు చద్దన్నమేంటండీ! పెసరట్టు వేస్తున్నాను, లోపల కూర్చోండి" అంది. సిగ్గుతో ఆవిడ మొహం కందిపోయింది. నేను లోపలికెళ్ళి కూర్చున్నాను. ఏడుపొచ్చినంత పనైంది.

వీధిలోకెళ్తే అందరిదీ ఒకటే మాట. "ఆయ్, ఎప్పుడొచ్చారండీ? ప్రయాణం ఎప్పుడండీ?" ప్రేమగానే అడిగేవారు, అదే ఖర్మ.

పదహారో రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఇక ఆగలేకపోయాను. "ఒరేయ్, నేనింక వెళ్ళనురా. అన్నీ అమ్మేశాను. ఇక్కడే ఉండిపోతాను" అన్నాను.

పప్పులో నెయ్యి వేస్తున్నవాడు చెయ్యి ఆపాడు. మా వాడిలో కుళ్ళూ కుత్సితం లేవు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. నిజంగా నా గురించి బెంగపడే అడిగాడు.

"మరి ఎక్కడుంటావన్నయ్యా?"

మా మరదలు వాడివంక చూసింది, వాడు నా కంచం వంక చూశాడు. "రాజమండ్రిలో ఫ్లాట్ చూశాన్రా" అన్నాను. ఏ ఫ్లాటూ చూడలేదు.

"హమ్మయ్య! ఎంత దూరమని, గంట ప్రయాణం! పండక్కీ పబ్బానికీ వచ్చిపోతూ ఉండొచ్చు" అని వాడు హాయిగా నవ్వాడు. నేను చూడాలనుకున్న వెలుగు వాడి మొహంలో అప్పుడు కనిపించింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి ఫ్లాట్ వెతుక్కున్నాను. తాళాలిస్తూ ఓనరుగారు "ఎంతమందండీ ఉండేది?" అని అడిగారు.

"ఒక్కణ్ణేనండి" అన్నాను.