ఇంజన్ ఆపి చూసిన గేజు

మధ్యాహ్నం రెండు నలభైకి మా మూడు ట్రక్కులు గోదావరి గట్టు మీది హైస్కూలు ముందు ఆగాయి. ఇరవై ఎనిమిది మందిమి. వాన. కుడిపక్క ఏరు, ఎడమపక్క మునిగిన వరి, మధ్యలో పన్నెండడుగుల గట్టు. వరద సహాయానికి వచ్చిన దళానికి నేను వెహికల్ మెకానిక్‌ని. హవల్దారుని. రామచంద్రపురం పక్కవాణ్ణి కాబట్టి జనంతో మాట్లాడే పనీ నాదే. మా ఊళ్ళో వాళ్ళు నన్ను ఎప్పుడూ మంచుకొండల గురించే అడుగుతారు. అక్కడ చలేసింది, అంతే. నన్ను ఈనాటికీ వదలనిది ఇంటికి గంట దూరంలో చేసిన ఈ తొమ్మిది రోజుల డ్యూటీ.

సాయంత్రం నాలుగున్నరకి కెప్టెన్ సాబ్ ఆర్డరు ఇచ్చారు. అవతలి లంకలో వెంకటలక్ష్మి గారని ఒకావిడ ఉన్నారు. రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. రోజు విడిచి రోజు డయాలసిస్ పడాలి. వరద వల్ల ఒక వంతు అప్పటికే తప్పింది. ఆవిడ నడవలేరు, కారు వెళ్ళి తీసుకురావాలి. మా ట్రక్కు బరువు పంటు మొయ్యదు. రెండు నావలు జోడించి పైన బల్లలు పరిచిన చిన్న పంటు అది.

కారు ఇచ్చింది సోమయాజులు మాస్టారు. హిందీ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎడమ కాలికి పట్టు లేదు, క్లచ్ తొక్కలేరు. అందుకని పద్దెనిమిదేళ్ళ కిందటి ఆటోమేటిక్ బండి పాతది కొనుక్కుని ప్రాణంగా చూసుకుంటున్నారు. అడిగిన వెంటనే తాళం నా చేతిలో పెట్టారు. "నేనూ వస్తానండి. దాని అలవాట్లు నాకు తెలుసు," అన్నారు.

మర్నాడు ఉదయం ఐదున్నరకి ఫస్ట్ పరేడ్. అంటే బండి కదలక ముందే నూనె, నీళ్ళు, గాలి చూడడం. ఇంజన్ ఆపి, చల్లగా ఉండగా చూడాలి. పందొమ్మిదేళ్ళు ట్రక్కులకి అలాగే చేశాను. ఆటోమేటిక్ నా చేతికి రావడం అదే మొదలు. గేర్ ఆయిల్ గేజు పుల్ల లాగాను. ఎర్రటి నూనె గీతకి పై వరకూ ఉంది.

"ఎక్కువ పోశారండి," అన్నాను.

"మా రాజమండ్రి మెకానిక్కు ఇంజన్ ఆన్‌లో ఉంచే చూస్తాడండి. బండి కాస్త తిరిగి వేడెక్కాక," అన్నారు మాస్టారు.

"ఆర్మీ పద్ధతి వేరండి మాస్టారూ."

నేను సన్న పైపుతో లీటరుకి పైనే లాగి, ఒక నీళ్ళ సీసాలో పట్టి టూల్ బాక్సులో పెట్టాను. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

తొమ్మిదింటికి స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేశాను. బండి కదలలేదు. రెండు సెకన్లు. తరవాత కింద నుంచి ధన్‌మని కుదిపి గేరు పడింది. "ఇలా ఎప్పుడూ చెయ్యలేదండి," అన్నారు మాస్టారు. రోజంతా దాని కిందే పడుకున్నాను, వీపు కింద గట్టు బురద. ఇంజన్ ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ తిరుగుతోందేమో చూశాను. సరిగ్గానే ఉంది. ఇంజన్ కింది రబ్బర్లు చిరిగాయేమో గడ్డపారతో ఎత్తి చూశాను. బాగున్నాయి. గేర్ కేబులు చూశాను, లూజు లేదు. గేజు కూడా మళ్ళీ చూశాను, ఇంజన్ ఆపే. గీత మీదే ఉంది. బండి వయసైపోయిందని నిర్ణయించుకున్నాను.

మూడో రోజు ఏరు కొంచెం తీసింది. పదకొండుంబావుకి లంకలో వెంకటలక్ష్మి గారిని వెనక సీట్లో పడుకోబెట్టాం. ముఖం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. పంటు మీద ఇంజన్ ఆపాను. ఇవతలి ఒడ్డు పన్నెండు ఐదుకి తగిలింది. దిగడానికి రెండు పలకలు వేశారు. పలకలకి చక్రాలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడడానికి మాస్టారు బండి ముందు, పంటు అంచున నిలబడ్డారు.

స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేశాను. గేరు పడలేదు. వెనక ఆవిడ మూలిగారు. తొందరపడి యాక్సిలరేటర్ తొక్కాను. అప్పుడు పడింది. బండి ఒక్క గెంతు గెంతింది. మాస్టారు కాలు తీసుకోలేకపోయారు. పారిపోలేని మనిషి బురద అంటిన రెండు చేతులూ బానెట్ మీద ఆనించి, బెదిరిన ఎద్దుని ఆపినట్టు నిలబడ్డారు. బ్రేకు తొక్కేసరికి బండికీ ఆయన మోకాళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. ఆయన వెనక, రెండు పలకల మధ్య నీళ్ళే.

గేరు పార్క్‌లో వేశాను. తరవాత నేను దిగి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి గేజు లాగాను. పుల్ల చివర తడి కూడా లేదు. ఇంజన్ ఆగితే నూనె అంతా కిందికి దిగి ఎక్కువ కనిపిస్తుంది. తిరిగితే లోపలికి వెళ్ళిపోతుంది. మాస్టారి మెకానిక్కు చెప్పింది అదే. సీసా తీసి, లాగ్ షీటు చుట్టి గరాటు చేసి, పట్టిన నూనె పట్టినట్టే పోశాను. గేరు మెత్తగా పడింది.

ఆస్పత్రికి నలభై నిమిషాలు ఆలస్యం. రేడియోలో సిగ్నల్ జవాను అడిగాడు.

"ఆలస్యానికి కారణం? ఓవర్."

"పాత బండి. గేర్‌లో లోపం. ఓవర్."

"ఆ బండి ఇక వాడొద్దని ఆర్డర్. ఓవర్."

మాటలు హిందీలో జరిగాయి. పక్కనే ఉన్న మాస్టారు వాన వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన జీవితమంతా చెప్పింది హిందీయే. ఆ సంగతి నాకు గుర్తే ఉంది. సిగ్గేసింది. అయినా చెప్పిన మాట దిద్దుకోలేదు.

తరవాతి వంతుకి వెంకటలక్ష్మి గారిని ట్రాక్టర్ తొట్టిలో మంచం వేసి, పైన బరకం కట్టి తెచ్చాం. దారంతా గుంతలే. ప్రతి గుంతకీ ఆవిడ "అమ్మా" అన్నారు. నేను మంచం కోడు పట్టుకుని పక్కన నడిచాను. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చి మూడింటికి కెప్టెన్ సాబ్ ముందు నిలబడి చెప్పాను.

"తప్పు బండిది కాదు సర్. నాది."

"రెండు రోజుల తరవాతా?"

"అవును సర్."

ఆయన రిజిస్టరు తెరిచారు. నా పేరు మీద ఒక ముక్క రాసుకుని కారు మళ్ళీ వాడమన్నారు. ఏడో రోజు వంతు అందులోనే జరిగింది. గేరు ఒక్కసారీ కుదపలేదు.

తొమ్మిదో రోజు ఉదయం ఏడింటికి సామాను ఎత్తాం. మాస్టారి ఇంటికి వెళ్ళి తాళం ఇచ్చాను. "తప్పయిపోయిందండి," అన్నాను.

"నూనె సంగతి వదిలెయ్యండి, ఎవరికైనా జరుగుతుంది. రేడియోలో మాత్రం అలా అనకుండా ఉండాల్సిందండి. ఆ బండే నా కాలు కదా." అని కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. ఆ కాఫీ తాగడానికి చాలాసేపు పట్టింది.

రిటైరై రావులపాలెం వచ్చేశాను. బళ్ళ పని చెయ్యడం లేదు. ఎవరైనా బానెట్ ఎత్తి గేజు చూడమంటే మాత్రం కాదనను. ముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యమంటాను. స్టార్ట్ చేస్తారు. బానెట్ మీద నాకు మాస్టారి రెండు చేతులు ఆని కనిపిస్తాయి, వేళ్ళు బాగా విడదీసి, బురదతో. నేను వాటిని తప్పించి గేజు లాగుతాను.