రాణీ రంగు బిళ్ళలు

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పేకాట ఉంటుంది. ఆడేది నలుగురం. మా ఆయన, గన్నవరం నుంచి బస్సెక్కి వచ్చే మా బావగారు, ఆయన భార్య అంటే మా తోడికోడలు, నేను. డబ్బులు పెట్టి ఆడం. పాయింట్లు రాసుకుంటాం, ఎక్కువైనవాళ్ళు ఓడినట్టు, సాయంత్రం టీ తాగేటప్పుడు ఎవరు గెలిచారో చెప్పుకుంటాం, అంతే. మగ్గాలు వదిలేసి అన్నదమ్ములిద్దరూ చెరో ఊళ్ళో బట్టల వ్యాపారంలో పడ్డాక, విజయవాడలో మా ఇంట్లో కలిసి కూర్చునేది ఈ ఒక్క పూటే.

పాయింట్లు రాసే పని నాకు వచ్చిపడింది. యాభై దాటాక మా వీధి చివర సాయంత్రం బడిలో అక్షరాలూ అంకెలూ దిద్దుకున్నాను. కొత్తగా వచ్చిన విద్య కదా, కాగితం కనిపిస్తే చాలు రాయాలనిపించేది. బావగారికేమో ఓడిపోవడం పడదు. ఆ రోజు ఆయన చేతికి ముక్కలు సరిగా రాలేదు. ఆట చివర్లో నా చేతిలో కాగితం తీసుకుని చూశారు.

"ఇది అరవయ్యా, అరవై ఆరా?"

"అరవై ఆరేనండి బావగారూ."

"ఆరుకి పైన తోకుండాలి కదమ్మా. నిన్నగాక మొన్న దిద్దుకున్న అంకెలతో నన్ను ముంచేస్తున్నావు."

"తప్పైతే సరిచేసుకుందాం అన్నయ్యా, దానికేముంది" అన్నారు మా ఆయన.

"సరిచేసేదేముందిరా. మీ ఇల్లు, మీ కాగితం, మీ రాత" అంటూ ఆయన కండువా భుజాన వేసుకుని లేచారు.

మా తోడికోడలు చెప్పులేసుకుంటూ నా దగ్గరికి వంగి, "ఆరుకి తోక బాగానే ఉంది. ఈయన తోకే ఎవరో తొక్కారు" అంది.

ఆ పై ఆదివారం వాళ్ళు రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. మా ఆయన చాప పరుచుకుని, నలుగురికీ ముక్కలు పంచుకుని, ఒక్కో చోటికీ జరిగి కూర్చుని తనే ఆడుకునేవారు. నేను వంటింట్లోంచి చూస్తుండగా ఒకసారి, "ఇవాళ అన్నయ్య చెయ్యి బాగుందే" అని తనలో తను అనుకున్నారు.

"ఫోన్ చెయ్యకూడదా?" అన్నాను.

"చేసి ఏమనను? అరవై ఆరుని అరవై చేశాం, రమ్మననా?"

కాగితం లేకుండా ఆడాలంటే ఏం చెయ్యాలా అని ఆలోచించాను. చింతపిక్కలు పెడదామంటే, "అన్నయ్యకి చింతపిక్కలిస్తే గన్నవరం నుంచే దణ్ణం పెడతాడు" అన్నారు. అప్పుడే ఫోన్లో ఒక వీడియో కనిపించింది. క్లబ్బుల్లో పేకాటకి వాడే బిళ్ళల్ని ఎవరో ఇంట్లోనే మట్టితో చేస్తున్నారు. ఓడినవాడు గెలిచినవాడికి బిళ్ళలు ఇచ్చేస్తాడు. ఎవరూ రాయక్కర్లేదు, ఎవరి రాతనీ నమ్మక్కర్లేదు.

ముందు తెలిసినవాళ్ళ పొలం నుంచి నల్లరేగడి తెప్పించాను. అది నా పొరపాటు. ఎండాకాలంలో ఆ పొలం ఎలా నెర్రెలు విచ్చుతుందో ఆ బిళ్ళలూ అలాగే విచ్చాయి. తర్వాత మైలవరం వైపు నుంచి కుండలు చేసే మట్టి తెప్పించి, కృష్ణ ఇసుకని పిండి జల్లెడలో జల్లించి కలిపాను. తడిబట్ట మీద అప్పడాల కర్రతో ఒత్తి, మాత్రల డబ్బా మూతతో గుండ్రంగా కోశాను. ఎండలో పెడితే అంచులు లేచిపోతున్నాయని నీడలో ఆరబెట్టి పైన చెక్కపలక పెట్టాను. బాగా ఆరాక డాబా మీద పాత కుంపట్లో ఊక పోసి మధ్యలో పేర్చి కాల్చాను. పొగకి పక్క వాటా ఆవిడ పైకొచ్చి, "దోమలకా పిన్నిగారూ?" అంది. అవునన్నాను.

బూడిద కదిపి చూస్తే, గాలి తగిలినవి ఎర్రగా, అడుగున ఊకలో కూరుకుపోయినవి నల్లగా ఉన్నాయి. అడక్కుండానే రెండు రకాలు వచ్చాయి. ఎర్రది ఐదు, నల్లది పది అనుకున్నాం. అన్నిటికన్నా ఎక్కువ విలువ బిళ్ళ ఒకటి కావాలి కదా. మగ్గాలున్న రోజుల్లో నూలుకి రంగులేసింది నేనే. అటక మీద డబ్బాలో కాస్త రాణీ రంగు మిగిలి ఉంది. కొన్ని బిళ్ళలకి సున్నం పూసి, ఆరాక పైన ఆ రంగు వేశాను. కళ్ళు చెదిరిపోయేలా వచ్చాయి.

మా ఆయన ఫోన్ చేసి, "అన్నయ్యా, ఇక రాతకోతలు లేవు. ఒకసారొచ్చి చూడు" అన్నారు. ఆదివారం ఇద్దరూ వచ్చారు.

"చెక్కలు చేశావేంటే?" అంది మా తోడికోడలు పళ్ళెం చూసి.

"ఒకటి కొరికి చూడక్కా."

బావగారు రెండు బిళ్ళలు తీసుకుని ఒకదానికొకటి తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఖంగుమంది. "బాగా కాలాయి" అని చాప మీద కూర్చున్నారు. నాకు అది చాలు.

ఆట మొదలైన కాసేపటికే అందరి వేళ్ళూ రాణీ రంగైపోయాయి. చెమట తగిలి రంగు, సున్నం రెండూ వదిలేస్తున్నాయి. నూలు రంగుని తాగుతుంది, సున్నం పైపైనే పట్టుకుంటుంది. ఇన్నేళ్ళు రంగులేసినదాన్ని, నాకు ఆ ఆలోచనే రాలేదు.

"ఈ వయసులో వేళ్ళకి పారాణి పెట్టించావు" అని మా తోడికోడలు నవ్వుతూనే ఉంది. బావగారు ఆ రోజు గెలిచారు. తర్వాతి వారమూ గెలిచారు. "ఈ బిళ్ళలు నా దగ్గర పిల్లల్ని పెడుతున్నాయమ్మా" అన్నారు పేర్చుకుంటూ.

సోమవారం బట్టలు ఉతుకుతుంటే మా ఆయన తెల్ల పంచె రొండి దగ్గర, లోపలి వైపు, గుండ్రంగా రాణీ రంగు మరకలు కనిపించాయి. వేళ్ళు తుడుచుకున్న మరకలు కావవి. బిళ్ళలు రొండిన దోపుకున్నారన్నమాట. డబ్బుల్లేని ఆటలో దొంగతనమేంటని నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఈ సంగతి బావగారి కంటపడితే ఇక ఈ గడప తొక్కరు.

ఆ పై ఆదివారం ముక్కల మీద కన్ను తగ్గించి మా ఆయన చేతి మీద పెట్టాను. బావగారు చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మా ఆయన చెయ్యి రొండిలోకి వెళ్ళింది. బయటికొచ్చి, తన ముందున్న కుప్పలోకి కాదు, అన్నగారి కుప్పలోకి వెళ్ళింది. మా తోడికోడలు పైకప్పు కేసి చూస్తూ ముక్కలు కలుపుతోంది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి?"

"మీ పంచె చెప్పింది లెండి."

ఆయన చాప చుడుతూ అన్నారు. "ఓడిపోతే మళ్ళీ రాడేమోనని. చిన్నప్పుడు గోలీలాటలో నేను ఏడుస్తుంటే, నాకు తెలీకుండా నా జేబులో గోలీలు వేసేవాడు. నేనే గెలిచాననుకునేవాణ్ణి."

మర్నాడు రాణీ బిళ్ళల రంగంతా కడిగేసి, ఈసారి రంగులో తుమ్మజిగురు కాచి కలిపి పూశాను. పైన హార్డ్‌వేర్ కొట్టు నుంచి తెచ్చిన వార్నిష్ వేశాను. పనిలో పనిగా మిగిలిన బిళ్ళలు కొన్నిటికి కూడా రంగేసి ఆయన చేతిలో పెట్టాను. "మీ వాటా బిళ్ళలు అన్నగారికి పోసేస్తే మీకేం మిగులుతాయి? ఇవి పెట్టుకోండి." ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకుని, ఆ రోజంతా ఊరికే తడుముకుంటూ తిరిగారు.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఆట మధ్యలో మా ఆయన జేబు తడుముకుని నా వైపు చూశారు. ఆ చొక్కా ఉదయమే బకెట్లో నానబెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. జేబులు చూడకుండా వేసేశాను. లేచి వెళ్ళడానికి లేదు, నా పంపకం. బావగారికి ఒక్క జోకరూ పడట్లేదు. ఎర్రవి పోయాయి, నల్లవి పోయాయి, చివరికి రాణీ రంగువీ పోయాయి. ఆయన ముందు చాప ఖాళీ అయింది. మా ఆయన ముక్కలు కింద పెట్టేశారు. కండువా పక్కనే ఉంది.

బావగారు కండువా తీసి మొహం తుడుచుకున్నారు.

"అంతా ఊడ్చేశావు కదరా" అన్నారు తమ్ముడితో. "ఇన్నాళ్ళకి ఆడటం వచ్చింది నీకు. నువ్వు గెలవడం మర్చిపోయావేమో అనుకున్నాను."

"మరి లేస్తారా?" అంది మా తోడికోడలు.

"ఎక్కడికి లేచేది? నావన్నీ వీడి దగ్గరుంటే. అమ్మాయ్, టీ పెట్టు. తాగి మళ్ళీ మొదలెడదాం. బస్సులు రాత్రి దాకా ఉన్నాయి."

టీ పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళాను. బకెట్లో చొక్కా జేబులోంచి బిళ్ళలు తీశాను. పొద్దుట్నుంచీ సబ్బునీళ్ళలో నానుతున్నాయి. నీళ్ళకి రంగు లేదు, చొక్కాకీ లేదు. తుడిచి వంటింటి అరలో ఉప్పుడబ్బా వెనక పెట్టాను. లోపల్నుంచి ముక్కలు కలిపే చప్పుడు వినిపిస్తోంది. మా ఆయన వాటిని మళ్ళీ అడగలేదు.