ట్రంకు లైనుకు అవతల

నేను హైదరాబాద్‌ల, దూరపు ఊర్ల ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిల ఆపరేటరుగా చేసిన రోజుల్ల జహనుమాల ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉండేదాన్ని. అమ్మ చనిపోయి అప్పటికి రెండేండ్లు. అన్నకు బొగ్గుబాయిల నౌకరి. పండుగకు ఒక ఉత్తరం రాస్తె రాసినట్టు. డ్యూటీల పొద్దంతా చెవుల మాటలే మాటలు, అన్నీ ఎవరెవరివో. ఇంటికొచ్చి తాళం తీస్తె మాత్రం నాతోటి మాట్లాడేటోళ్లు లేరు. ఐతారం చర్చిల పాట పాడేటప్పుడు నా గొంతు నాకే కొత్తగ అనిపించేది.

పాలమూరు దిక్కు ఒక చిన్న ఊరికి పోయే లైను నా బోర్డు మీద ఉండేది. ఆ ఊరి ఎక్స్ఛేంజిల పగటిపూట ఒక్కతే ఆపరేటరు. మొదట్ల ఇద్దరం నంబర్లు చెప్పుకునుడే. తర్వాత పగటీలి కాల్స్ తక్కువున్నప్పుడు ఆమె "తిన్నవా అక్కా?" అని అడగబట్టింది. నేను కూడ ఆమెను అక్కా అనే పిలిచిన. నాలుగేండ్లు గట్లనే నడిచింది. ఆమె చెప్పేటియి ఎక్కువ బిడ్డ ముచ్చట్లే. ముందు పన్ను ఊడిందని, బడికి పోనని లొల్లి చేసిందని, ఎక్కాలు తప్పు లేకుంట అప్పజెప్పిందని. వింటుంటె ఆ పిల్లను నేనే ఎత్తుకొని తిరుగుతున్నట్టు ఉండేది.

ఒకనాడు మా సూపర్వైజరు పిలిచి, "ఆ ఊర్ల కొత్త బోర్డు పెట్టిండ్రు. ఒక్కరోజు పోయి ఆమెకు పని చూపించి రా" అన్నడు. నా సంబురం అంతా ఇంతా కాదు. ఎవరో ఒకరు వస్తరని ఆఫీసోళ్లు ఆమెకు చెప్పిండ్రు గని, వచ్చేది నేనని నేను చెప్పలే. ఎదురుంగ పోయి నిలబడాలని నా ఆశ.

ముందునాడు సాయంత్రం పత్థర్‌గట్టిల పిల్లకు ఒక గౌను కొన్న. గులాబీ రంగుది, మెడ చుట్టు తెల్ల లేసు. దుకాణమాయన "బచ్చీ కిత్నే సాల్ కీ హై?" అని పిల్ల వయసు అడిగితె, నా బిడ్డ గురించి చెప్పినట్టే "సాత్ సాల్", ఏడేండ్లు అన్న.

తెల్లారంగనే అఫ్జల్‌గంజ్ దాంక రిక్షాల పోయి, అక్కడికెల్లి బస్టాండుకు నడిచి బస్సెక్కిన. ఆ ఊర్ల దిగేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఒక్కటే బజారు. కిరాణా దుకాణం తలుపు సగం మూసి ఉన్నది. దర్జీ మిషను మీద తల పెట్టుకొని నిద్రపోతున్నడు. నేను దిగిన బస్సు కింద నీడ దొరికిందని రెండు కుక్కలు చేరినయి. ఎక్స్ఛేంజి ఉన్న పోస్టాఫీసు ఎక్కడని అడుగుదామంటె బజార్ల మనిషి లేడు. ఎతుక్కుంట పోయిన.

పోస్టాఫీసు వెనక అర్రల ఆమె కూసోని ఉన్నది. గొంతు విని నా ఈడుదే అనుకున్న. నలభై దాటిన మనిషి, చెంపల కాడ వెంట్రుకలు తెల్లబడ్డయి.

"అక్కా, నేను. హైదరాబాద్" అన్న నవ్వుకుంట.

ఆమె లేచి నిలబడ్డది. నవ్వలే. మొఖం భయపడ్డ మనిషి మొఖం లెక్క ఉండె.

"నువ్వా... మీరా వచ్చిండ్రు?" అన్నది.

ఆ "మీరు" నాకు ముల్లు గుచ్చినట్టయింది. కొత్త మనిషిని కద, సిగ్గేమో అనుకున్న. బోర్డు ముందట కూసోని పని చూపించిన. రెండుసార్లు చెప్పే పని లేకుంట నేర్చుకున్నది. తల ఎత్తలే.

"పాప బడికి పోయిందా?" అని అడిగిన.

"ఆ" అన్నది. చేతిల ప్లగ్గు వేరే లైన్ల పెట్టి, మళ్ల తీసింది.

తినే ముందు చేతులు కడుక్కుందామని బోరింగు కాడికి పోయిన. ఆఫీసు ఊడ్చే ముసలామె నీళ్లు కొట్టింది. "అవ్వా, మేడమ్ బిడ్డ చదివే బడి ఇక్కడికి దగ్గరేనా?" అని అడిగిన.

ముసలామె బోరింగు కొట్టుడు ఆపింది. "బిడ్డనా? ఆమెకు పెండ్లే కాలేదు బిడ్డా. ఈ ఊరికి వచ్చినప్పటి సంది చూస్తున్న, వెనకర్రల ఒక్కతే ఉంటది."

వెనక్కి తిరిగి చూస్తె కిటికీల ఆమె. మా మాటలు వినబడలేదు గని, ఏం మాట్లాడుకున్నమో ఆమెకు తెలిసిపోయింది.

జొన్నరొట్టె, పప్పు నాకు సగం పెట్టింది. నాకు కోపం రాలేదు. నాలుగేండ్లు నేను ఎదురుచూసిన పిల్ల లేనే లేదు.

వాపస్ పోయే బస్సు నాలుగింటికి. సంచి సదురుకుంటుంటె గౌను పొట్లం చేతికి తగిలింది. తీసుకపోవచ్చు. కొంచెంసేపు ఆగి, బయటికి తీసిన.

"పాపకు తెచ్చిన అక్కా. సరిపోతదో లేదో."

ఆమె పొట్లం విప్పింది. గౌను భుజాల కాడ జానతోటి కొలిచింది. నా దిక్కు చూడకుంటనే, "సరిపోతది. కొంచెం పొడుగున్నా ఏం కాదు, పెరిగే పిల్ల కద" అన్నది. అప్పుడే లైను మోగింది. గౌను ఒడిల పెట్టుకొని, "హలో, నంబర్ చెప్పుండ్రి" అన్నది. అదే గొంతు, నాలుగేండ్లు నేను విన్న గొంతు. ఆమె కాల్ కలుపుతుండంగనే నేను బయటికొచ్చిన.

బస్సుల వస్తున్నంతసేపు, ఆమె పరువు కాపాడిన అనుకున్న. మంచి పనే చేసిన అనుకున్న.

మరునాడు లైన్ల "అక్కా, తిన్నవా?" అన్న.

"నంబర్ చెప్పుండ్రి హైదరాబాద్" అన్నది.

రోజూ గదే మాట. నెల దాటినంక ఒకనాడు తెగించి చెప్పిన: "అక్కా, నాకు ఏం ఫికర్ లేదు. బిడ్డ ఉన్నా లేకున్నా నువ్వు ఎప్పటిలెక్క మాట్లాడు." అవతల ఊపిరి వినబడ్డది. "కాల్ ఉన్నది, కలుపుతున్న" అన్నది.

ఆ ఎండకాలం అయిపోయేసరికి లైన్ల ఒక మొగమనిషి గొంతొచ్చింది. ఆమె అడిగి బదిలీ చేయించుకున్నదట. ఏ ఊరికో ఆయనకు తెల్వదు. ఆమె పేరు అడుగుదామని నోటిదాంక వచ్చింది. నాలుగేండ్లు మాట్లాడిన మనిషి పేరు ఇప్పుడు అడిగితె నవ్వుతడని ఊకున్న.

ఆ గౌను ఆమె చేతిల పెట్టకుంట, "నేను కూడ ఒక్కదాన్నే అక్కా" అని ఆనాడే అంటె ఎట్లుండేదో. ఆ మాట నాకు బస్సుల తట్టలే, మరునాడు తట్టలే. తట్టేసరికి లైన్ల ఆమె లేదు.

పగటీలి నా బోర్డు మీద ఆ ఊరి లైను దీపం వెలిగేది. ఆయన నంబరు చెప్పేటోడు. నేను కలిపేదాన్ని.