విమానమెక్కిన పిడక

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లకి తెలియని సంగతంటూ ఉండదని ఒకటి. ఉన్నదున్నట్టు చెప్పేస్తే ఏ గవర్నమెంటూ మనల్ని ఏమీ చేయదని రెండోది. రెండూ ఒకే మధ్యాహ్నం, ఒక పిడక ముందు కూలిపోయాయి. (అవును, పిడకే. మీరు సరిగ్గానే చదివారు.) ఇప్పుడు ఎవరికి చెప్పినా పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను గానీ, ఆ పూట మాత్రం నాకు నవ్వు రాలేదు.

మాది బాగేపల్లి తాలూకు పరగోడు. కంపెనీ వాళ్ళు మూడు నెలల పని మీద నన్ను ఆస్ట్రేలియా పంపిస్తున్నారని తెలిసిన రోజు నుంచి ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో దిగులు. అమ్మకి నా తిండి దిగులు. నాన్నకి నా పాస్‌పోర్టు దిగులు. దాన్ని ఆయనే చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి అందరికీ చూపించి, ఇంటికొచ్చి, ఎక్కడ పోగొడతావో అని నన్ను తిట్టేవాడు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, మాత్రం ఏమీ అనలేదు. ఊరికే ఉండే మనిషి కాదావిడ. అప్పుడే నాకు అనుమానం రావలసింది, రాలేదు.

అవ్వకి ఒక సొరపాదుండేది. చింతామణి దగ్గర తన పుట్టింటి నుంచి కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు తెచ్చుకున్న విత్తనం. సన్నటి మెడ, లేత పచ్చ రంగు, పప్పులో వేస్తే వెన్నలా ఉడికేది. ఆ విత్తనం దాచే తీరు కూడా అవ్వదే. పచ్చి పేడలో బూడిద కలిపి, సొరగింజలు అందులో ఒత్తి, అరచేత్తో గోడకి కొట్టేది. ఎండి పిడకయ్యాక దాన్ని పురుగు ముట్టదు, ఎలుక ముట్టదు, మనవరాళ్ళు అసలే ముట్టరు. నేను ప్రయాణమైన ఏడు పాదుకి ఏదో తెగులు తగిలి, ఆకులు పసుపుబారి, పిందె నిలవలేదు. అంతకు ముందేడు కొట్టిన పిడక ఒక్కటే గోడకి మిగిలింది. ఆ గింజలు పోతే ఆ సొర ఇంక లేనట్టే. అవ్వతో విత్తనాలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళలో కూడా అందరూ అంగడి ప్యాకెట్లకి మళ్ళి చాలా కాలమైంది.

బాగేపల్లి బస్టాండులో బెంగళూరు బస్సు కదలబోతుంటే అవ్వ కిటికీ దగ్గరికొచ్చి, "పెట్టె అడుగున సొరవిత్తనం పెట్టినా పాపా, పోయినంక యాడన్నా మన్ను చూసి నాటుకో" అంది. నాలుగు గింజలు కాగితంలో చుట్టి పడేసుంటుందిలే అనుకున్నాను. అంతకు మించి ఆలోచిస్తే నేను నేనెందుకవుతాను!

విమానంలో ఒక కార్డిచ్చారు. ఆ దేశంలోకి ఏమేం తెస్తున్నామో అందులో చెప్పాలి. విత్తనాలున్నాయా అన్న చోట, చూశారా నా నిజాయితీ అన్నట్టు, ఉన్నాయని టిక్కు పెట్టాను. కింద మట్టి, పశువుల పేడ లాంటివి ఉన్నాయా అని కూడా ఉంది. విమానంలో పేడ మోసుకొచ్చే మహానుభావులు కూడా ఉంటారా అని పక్క సీటులో ఉన్న పెద్దాయనకి చూపించి మరీ నవ్వాను. ఆయన కూడా నవ్వాడు పాపం. లేదని అంత గట్టిగా ఇంకెక్కడా నేను టిక్కు పెట్టలేదు.

దిగాక నన్ను పక్క వరసలోకి పంపారు. అక్కడ నీలం గ్లవుజులు వేసుకున్న ఒక దొరసాని, తల్లిలాంటి నవ్వు నవ్వి, విత్తనాలు చూపించమంది. పెట్టె అడుగున, చెట్నీ పొడుల కింద, అవ్వ పాత చీర ముక్కలో మూట కనిపించింది. కాగితం పొట్లానికి ఇంత బరువేమిటని అప్పటికీ అనుకున్నాను. ఆవిడే విప్పింది. బల్ల మీద, తళతళలాడే ఆ స్టీలు బల్ల మీద, గుండ్రంగా, నిండుగా, మా ఇంటి గోడ సున్నం కొంచెం అంటుకుని, మా పిడక.

ఇదేమిటని అడిగింది. చదివిన చదువంతా ఎటు పోయిందో, ఆవుది అని మాత్రం అనగలిగాను. ఆవిడ ఒకసారి నన్ను చూసింది, ఒకసారి కార్డు చూసింది, ఆ గ్లవుజుల మీద ఇంకో జత గ్లవుజులు వేసుకుంది. పెట్టె నువ్వే సర్దుకున్నావా అంది. సర్దింది నేనే, పిడక మాత్రం అవ్వది అన్నాను. ఇంత మంచి వాక్యం ఏ కోర్టులోనూ ఎవరూ చెప్పి ఉండరు. ఇంక నన్ను అటు నుంచి అటే వెనక్కి పంపేస్తారు, నాన్న ఊళ్ళో ఎవరికీ మొహం చూపించలేడు అనుకున్నాను.

ఆవిడ మంచి మనిషి. విత్తనాలున్నాయని ముందే చెప్పాను కాబట్టి జరిమానా వద్దని, హెచ్చరికతో వదిలేస్తానంది. పిడక మాత్రం వదలదు. దాన్ని కాల్చేయాల్సిందే. నేను బతిమాలాను. కడుగుతానన్నాను, గింజలొక్కటే తీసుకుంటానన్నాను, ఇవి పోతే మా అవ్వ సొర ఇంక భూమ్మీద ఉండదన్నాను. చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, కావాలంటే ఇంటికి ఒక ఫోన్ చేసుకో అంది. మా ఊళ్ళో అప్పటికి పొద్దున. అమ్మ ఎత్తి, విషయం విని, ఫోను అవ్వ చేతికిచ్చింది.

"ఎందుకు కాల్చాలంట?" అంది అవ్వ.

కంటికి కనపడని పురుగో తెగులో ఉంటే వాళ్ళ చేలకి తగులుకుంటుందని వీళ్ళకి భయం, ఒట్టి చాదస్తం, మన పిడకలో తెగులేముంటుంది అవ్వా అని నేను ఏడుపు గొంతుతో చెప్పాను.

"ఏల ఉండదు? మన పాదు ఎట్ల పోయెనో చూడలేదా నువ్వు? పట్టుపురుగులు మేపేటప్పుడు మీ అమ్మ అన్ననే కాళ్ళు కడగలేదని వాకిట్లోనే నిలబెడితిని. వాళ్ళ చేను వాళ్ళు కాచుకుంటాండారు. కాల్చేయమను."

ఆ మామ సంగతి నిజమే. ఇంట్లో పట్టుపురుగులున్నన్నాళ్ళూ వాటి గది గడపకి సున్నం చల్లి, అవ్వ పక్కనే కూర్చునేది. బయటి ధూళి లోపలికి పోతే ఒక్క రోజులో పంటంతా చస్తుంది. ఆ మామ అలిగి, అన్నం కూడా తినకుండా బస్సెక్కి పోయాడు. అవ్వ కనీసం లేచి వెనక్కి కూడా పిలవలేదు.

అవ్వ మాట ఇంగ్లీషులో చెప్పాను. దొరసాని చాలాసేపు నవ్వి, ఇన్నేళ్ళలో తమ పక్షాన మాట్లాడిన అవ్వ ఈవిడొక్కతేనంది. పిడకని రెండు చేతులా ఎత్తి సంచిలో పెడుతుంటే, దాని మీద అవ్వ అయిదు వేళ్ళ అచ్చు కనిపించింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది, వెనక వరసలో వాళ్ళున్నారని కూడా చూసుకోలేదు.

మూడు నెలలయ్యాక ఇంటికొచ్చాను. అవ్వ అరుగు మీద కూర్చుని అనపచిక్కుడు కాయలు వలుస్తోంది. నన్ను చూసి లేవలేదు, చేతిలో కాయ అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

"వచ్చేస్తివా?" అంది చివరికి.

మూడు నెలలే కదా అవ్వా, పోయేటప్పుడే చెప్పాను కదా అన్నాను.

"అట్లనే చెప్తారులే. నన్ను గూడా వారానికే మళ్ళా పుట్టింటికి పిలుచుకొస్తామని చెప్పే పంపినారు, పెండ్లైనప్పుడు."

నాకు అప్పటికి గానీ తట్టలేదు. నేనింక రానని అనుకుంది అవ్వ. అన్ని రోజులూ ఆవిడ నోరు మెదపకపోవడం అందుకే. అయితే మాత్రం ఉన్న విత్తనమంతా నాకే ఎందుకు పెట్టావు, సగమన్నా ఉంచుకోవలసింది కదా అని కోప్పడ్డాను.

"పోయే ఆడబిడ్డకి ఎవరన్నా సగం పెట్టి పంపుతారా?" అంది. నా చెంపలు నిమురుతూ, "సొర పోతే పోయె. బిడ్డ వచ్చింది" అంది.

అన్నీ తెలిసినట్టు విమానమెక్కిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ సొర మళ్ళీ మా ఇంట్లో కాయలేదు. ఆ పూట అవ్వ అంగట్లో కొన్న సొరకాయతోనే పప్పు చేసింది. చప్పగా ఉంది. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని తిన్నాను.