నావ ఎక్కేముందు రాయమల్లు అడిగే మాట

రాయమల్లుకు ఒకటే పిచ్చి. తన నావ ఎక్కే ప్రతి మనిషినీ, వాడు ఎంత పెద్దవాడైనా సరే, "నీళ్లు తాగినవా? ఒంటికి పోయినవా?" అని అడగనిదే గడ చేతబట్టడు.

సిరొంచ రేవు నుంచి అవతల కాళేశ్వరం ఒడ్డుకు నడిచే నావ అది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు దసరా దాకా రాయమల్లు నోట్లోంచి "జర జరుగుండ్రి" తప్ప వేరే మాట వచ్చేది కాదు. దీపావళి దాటాక ఈ ప్రశ్న పట్టుకుంది. అడగడంతో ఆగాడా? నావలో మంచినీళ్ల కుండ పెట్టాడు. రేవు పక్కన వెదురు తడకలతో ఆడవాళ్లకో చాటు కట్టాడు. జనం దానికి 'రాయమల్లు కచేరీ' అని పేరు పెట్టి కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఒకసారి జిమల్‌గట్ట నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. బాసింగం కట్టుకున్న పిలగాణ్ని కూడా వదల్లేదు.

"ముహూర్తం దాటితే నువ్వు జవాబు చెప్తవా?" అని పెళ్లికొడుకు మేనమామ మీదికొచ్చాడు.

"తాళి కట్టే వేళకు పిలగాడు పీటల మీదినుంచి లేస్తే మీరు చెప్తరా?"

పెళ్లికొడుకు మెల్లగా నావ దిగి, అటు పొదల వైపు పోయాడు. వెనకే మేనమామ కూడా పోయాడు.

అందరికంటే పరేషానయింది ఆదయ్య సారు. అవతలి ఒడ్డు బడిలో పంతులు. మడత నలగని ధోతి, చేతిలో గొడుగు, నావలో ఎదురుగా తన బడి పిల్లలే.

"సారూ, నీళ్లు తాగిన్రా? ఒంటికి పోయిన్రా?"

"రాయమల్లూ! నలుగురిల గిదేం మాట?"

"నలుగురిలనే అడుగాలె సారూ. చెవుల అడిగితే తప్పుపని అనుకుంటరు."

పిల్లలు పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకుని కిసకిసలాడేవాళ్లు. సారు ఆకాశం వైపు చూసి, "అయింది" అని గొణిగేవాడు.

ఆ నావలోనే పూలబుట్టతో సత్తవ్వ వచ్చేది. గుడి ముందు మాలలు అమ్ముకునే మనిషి. మొగుడు లేడు. ఆ ఏటి వానాకాలంలో నాగపూర్‌లో గుండె ఆపరేషన్ అయింది. తోడు పోయింది రాయమల్లే, మరాఠీ వచ్చు కాబట్టి. ఇంకా పూర్తిగా తేరుకోలేదు. తన వంతు రాగానే తల వంచుకుని, అందరిలాగే "అయింది కాకా" అనేది.

శివరాత్రికి ముందు ఒక పొద్దున, బడికి పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని ఆదయ్య సారు అందరికంటే ముందే నావ ఎక్కి కూర్చున్నాడు. ప్రశ్న మొదలైంది. అందరికీ అయింది. సత్తవ్వ మాత్రం చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుంది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నిన్నటి సంది ఒక్కసారే కాకా. అదీ గింతే," అంది చివరికి.

రాయమల్లు గడ కింద పెట్టాడు. "దిగుండ్రి. ఈ నావ ఇప్పుడు పోదు."

"నాకు తనిఖీ ఉన్నదయ్యా!"

"ఉండనియ్యిండ్రి సారూ. జర ఆ గొడుగు పట్టుండ్రి, సత్తవ్వకు ఎండ కొడుతున్నది."

ఎలా పట్టాడో తెలియదు గానీ, సిరొంచ దవాఖాన దాకా సత్తవ్వను ఎక్కించిన ఎడ్లబండి పక్కన గొడుగు పట్టుకుని నడిచింది ఆదయ్య సారే. అక్కడ రాయమల్లు తలగుడ్డ మడతలోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాయితం తీసి డాక్టరు చేతిలో పెట్టాడు. నాగపూర్ డాక్టరు రాసిచ్చిన కాయితం అది. సత్తవ్వ రక్తంలో మెగ్నీషియం అనే ఖనిజం తక్కువగా ఉందట. గుండె ఆపరేషన్ అయినవాళ్లకు అది తగ్గితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువట. ఒంటికి పోవడం తగ్గినట్టు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దని, రక్తం పరీక్ష చేయించాలని కింద రెండు గీతలు గీసి మరీ రాశాడు.

సత్తవ్వను ఆ పూటే జీపులో చంద్రపూర్ పంపించారు. జీపు లేపిన దుమ్ము సర్దుకున్నాక ఆదయ్య సారు అడిగాడు: "ఆమె ఒక్కదాన్ని అడిగితే అయిపోతుండె గద. ఊరందర్ని ఎందుకు సతాయించినవు?"

"అడిగిన సారూ, ఆపరేషన్ అయినంక మల్ల నావ ఎక్కిన మొదటి రోజే. నలుగురిల నన్నొక్కదాన్నే అడిగితే సిగ్గుతోని సస్త కాకా, అని ఏడ్చింది. దారిల ఒంటికి పోవాల్సొస్తదని నీళ్లు తాగుడే బంద్ పెట్టింది. ఇగ ఏం జేయాలె? అందర్ని అడిగిన. అందరికి ఉన్నదానికి సిగ్గేడిది?"

ఆదయ్య సారు గొడుగు మూసి చంకన పెట్టుకుని, రాయమల్లుతో పాటే రేవు వైపు నడిచాడు.

పన్నెండు రోజులకు సత్తవ్వ తిరిగొచ్చింది. కాళ్ల వాపు దిగింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టర్లు అన్నారట. మర్నాడు పూలబుట్టతో నావ ఎక్కింది. రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. ప్రశ్న పూర్తికాకముందే ఆదయ్య సారు లేచి నిలబడి, బడిలో హాజరు పిలిచే గొంతుతో అన్నాడు:

"నీళ్లు రెండు చెంబులు! ఒంటికి రెండుసార్లు!"

నావంతా గొల్లున నవ్వింది. సత్తవ్వ తల ఎత్తింది. "నాకు మూడుసార్లు కాకా!" అంది, సారు కంటే గట్టిగా. తర్వాత బుట్టలోంచి ఒక బంతిపువ్వు తీసి నీళ్ల కుండ మీద పెడుతూ, "మరి నీ సంగతేంది కాకా? నిన్నెవరు అడుగుతరు?" అంది.

రాయమల్లు గడ తెచ్చి ఆదయ్య సారు చేతిలో పెట్టి, "జర పట్టుండ్రి సారూ, ఇప్పుడే వస్త," అంటూ గబగబా నావ దిగి పొదల వైపు పరుగెత్తాడు.