అత్తగారు వేసిన గడియ

వీధిలో అందరూ ఆయన్ని కళ్ళజోళ్ళాయన అనేవారు. మేడమెట్ల కింద ఇరుకు గదిలో దుకాణం. ఒక బల్ల, అద్దాల అంచులు అరగదీసే యంత్రం, ఆవగింజల్లాంటి మరలు పోసుకున్న ఓ సీసా మూత. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము పెట్టి, వెనక్కి జరిగి, తల పక్కకి వంచి చూసి, "మీ ఎడమ చెవి కాస్త పైకుందండీ. మీ తప్పేం లేదులెండి" అనేవాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆయన తిన్నగా ఇంటికి పోయేవాడు కాదు. సంఘంలో మంచం పట్టినవాళ్ళని చూసి రావడం ఎవరూ అప్పజెప్పకుండానే నెత్తిన వేసుకున్న పని. వెళ్ళిన చోట ప్రార్థన రెండు మాటల్లో ముగించి, చొక్కా చేతులు పైకి మడిచేవాడు. ముసలాయనకి గడ్డం గీసేవాడు, తడిసిన దుప్పటి మార్చేవాడు, జారిపోతున్న కళ్ళజోడు బిగించేవాడు. భార్య బతికున్నన్నాళ్ళూ ఆవిడా వెంట వచ్చేది. ఆవిడ జబ్బు చేసి కన్నుమూశాక ఇంట్లో మిగిలింది ఆయనా, ఆవిడ తల్లీ.

ఆ అత్తగారికీ ఆయనకీ మొదటినుంచీ పొసగదు. "పోయి పోయి అద్దాలు అరగదీసేవాడికా నా పిల్లనిచ్చింది!" అని పెళ్ళి కాగానే అన్న మాట ఆవిడ వెనక్కి తీసుకోలేదు, ఆయన మర్చిపోలేదు. అయినా ఆవిడకి ఇంకెవరూ లేరు. ఉండమని ఆయన అనలేదు, వెళతానని ఆవిడా అనలేదు.

కొన్నాళ్ళకి ఆవిడకి మతిమరుపు మొదలైంది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. తర్వాత, చనిపోయిన కూతురు బజారుకెళ్ళిందని ఎదురుచూడటం. ఆ తర్వాత అల్లుణ్ణే ఎగాదిగా చూసి, "ఎవరు బాబూ నువ్వు?" అనడం. డాక్టరుగారు ఇది తగ్గే జబ్బు కాదని చెప్పేశారు.

ఆయన ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారు అడిగితే "దేవుడి దయ, బాగానే ఉన్నామండీ" అనేవాడు. ముందు పరామర్శలు మానేశాడు, తర్వాత ఆరాధనకి రావడమే మానేశాడు. దుకాణంలో పని ఎక్కువగా ఉందని సాకు. పరాయి ఇళ్ళలో పక్కబట్టలు మారుస్తూ ఏనాడూ మొహం ముడుచుకోని మనిషి, తన అత్తగారి దుప్పట్లు మాత్రం స్నానాలగది తలుపు వేసుకుని, పంపు చప్పుడు వినపడకుండా ఉతుక్కునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడకి అన్నం పెడదామని ఇంటికొచ్చేసరికి లోపల గడియ వేసి ఉంది.

"అత్తయ్యా, నేను. తలుపు తీయండి."

"నేనంటే?"

"మీ అల్లుణ్ణి."

"మా అల్లుడు ఈ వేళప్పుడు దుకాణం వదిలి రాడు. మహా పనిమంతుడు. నువ్వెవరో గాని, నడు ఇక్కణ్ణించి."

ఇన్నేళ్ళకి ఆవిడ నోట ఒక మెప్పు వచ్చింది. విని సంతోషించే తీరిక ఆయనకి లేదు. తలుపు సందులోంచి ఏదో మాడుతున్న వాసన వస్తోంది. పొయ్యి మీద ఏం పెట్టిందో! ఆయన భుజంతో తలుపుని నెట్టాడు. లోపల ఆవిడ "దొంగ! దొంగ!" అని కేకలు పెట్టింది. ఇరుగుపొరుగు మెట్ల మీదికి చేరారు. బద్దలు కొట్టమని ఒకరు, ముసలావిడ తలుపు వెనకే ఉందేమో, దెబ్బ తగులుతుందని ఒకరు.

అంతలో జనాన్ని తోసుకుంటూ గంటమ్మ వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆయన వెళ్ళే సంఘమే. గొంతు గంటలా మోగుతుందని ఆ పేరు. ఆ గొంతుని అప్పుడు ఎంత తగ్గించిందంటే, పక్కనున్నవాళ్ళు చెవులు రిక్కించాల్సి వచ్చింది.

"అమ్మా, మెట్లెక్కి వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి. కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి పోతాను."

లోపల చప్పుడు ఆగింది. "అయ్యో, నిలబడ్డావేంటమ్మా! రా, రా" అంటూ ఆవిడ గడియ తీసింది. "బయట వాడెవడో ఉన్నాడు, జాగ్రత్త."

ఆయన వంటింట్లోకి పరుగెత్తాడు. గిన్నె బొగ్గయింది. పక్కనున్న మసిగుడ్డ అంచు అప్పుడే రాజుకుంటోంది. పొయ్యి కట్టేసి, గుడ్డ మీద నీళ్ళు కుమ్మరించి, కిటికీ తెరిచాడు. అప్పుడు నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అత్తగారు గంటమ్మకి నీళ్ళిచ్చి, రెండో గ్లాసు పట్టుకుని ఆయన దగ్గరికొచ్చింది. "ఈ బాబుకీ ఒంట్లో బాగున్నట్టు లేదు. తాగు నాయనా." ఆయన తాగాడు.

గంటమ్మ బాల్కనీలో ఆరేసిన దుప్పట్లు చూసింది, ఆయన మాసిన గడ్డం చూసింది.

"ఎన్నాళ్ళనుంచి తమ్ముడూ?"

"బాగానే..."

"బాగానే అన్నావంటే ఆ మాడిన గిన్నెతోనే కొడతాను."

"ఒకళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని అక్కా."

"మా ఆయన మంచాన ఉన్నప్పుడు వచ్చి ఒళ్ళు తుడిచావే, అప్పుడు నీకు ఇబ్బందనిపించిందా? ప్రభువు శిష్యుల కాళ్ళు కడగడానికి పళ్ళెంలో నీళ్ళు పోసుకుని ముందు కూర్చుంటే, నా కాళ్ళు ముట్టుకోవద్దని ఒక శిష్యుడు మొండికేశాడు. కడగనివ్వకపోతే నాకూ నీకూ సంబంధం లేదని ప్రభువు తేల్చేశాడు. ఇన్నేళ్ళూ అందరి కాళ్ళూ కడిగావు. ఇప్పుడు నీవి చాపు."

ఆయన తల ఊపాడు. "పోయి పడుకో" అందామె. పడుకున్నవాడు దీపాలు పెట్టేవేళ దాకా లేవలేదు.

మర్నాటినుంచి సంఘంలోంచి రోజుకొకరు రావడం మొదలైంది. వడ్రంగి వచ్చి లోపలి గడియ ఊడదీసి వెళ్ళాడు. వచ్చినవాళ్ళందరికీ గంటమ్మ ఒకటే నేర్పింది: సాయం చేయడానికొచ్చామనొద్దు, సాయం అడగండి. పాటల బృందంలోని అమ్మాయిలు ఉతికిన బట్టలు తెచ్చి "మడతపెట్టి పెట్టవూ అమ్మమ్మా" అంటే, ఆవిడ అంచులు కలిపి, అరచేత్తో రాసి రాసి మడతపెట్టేది. జబ్బు తగ్గలేదు. కూతురి కోసం ఎదురుచూపూ పోలేదు. కాని ఎదురుచూడటానికి పక్కన ఒక తోడుండేది.

ఆదివారం ఆయన ఆవిడని ఆరాధనకి తీసుకొచ్చాడు. ప్రసంగం మధ్యలో ఆవిడ లేచి, పాస్టరుగారిని చూపిస్తూ, "ఈయనకి ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరా?" అని అందరికీ వినపడేలా అడిగింది. అల్లుడు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ముందు పాస్టరుగారి భార్య నవ్వింది. తర్వాత సంఘమంతా నవ్వింది. "ఉన్నారమ్మా, వాళ్ళూ ఇదే అంటారు" అని పాస్టరుగారు ప్రసంగం ముగించేశారు.

సాయంత్రం పరామర్శకి నలుగురు ఆయన ఇంటికే వచ్చారు. కుర్చీలో కూర్చోబెడితే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అవస్థపడ్డాడు. తర్వాత ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే, వెనక్కి వాలి హాయిగా గురక పెట్టాడు.