బాయి బంగ్లా తాళంచెవి

మొన్న మంగళవారం పొద్దున మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "వదినె, పెద్దొదినె పోయింది. రాత్రి అన్నం తిని పన్నది, తెల్లారి లేవలే" అన్నాడు. పోయినామె మా యారాలు, నా భర్త అన్నగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాస్తారు. నేను మాత్రం ఆమెను చూసి ఎంత కుళ్ళుకున్నానో చెప్పకపోతే, ఆమె ఎలాంటి మనిషో మీకు తెలియదు.

ఎనభైల మొదట్లో నేను చామోర్షి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మరాఠీ బడిలో పదో తరగతి పాసైన కోడలు ఆ వాడలో నేనొక్కదాన్నే. అక్కకు సంతకం కూడా రాదు. అయినా ప్రాణహిత ఒడ్డున ఉన్న బంగ్లా తాళంచెవి ఆమె నడుముకే వేలాడేది. ఆ బంగ్లా నాగపూర్ డాక్టరు గారిది. ఆయన కుటుంబం దసరాకు వచ్చి, దీపావళి చేసుకుని వెళ్ళేది. మళ్ళీ హోళీకే రావడం. డాక్టరు గారి భార్యను మేమందరం బాయి అనేవాళ్ళం. జీపు ఎక్కే ముందు బాయి అక్క చేతులు పట్టుకుని మరాఠీలో జాగ్రత్తలు చెప్పేది. అక్కకు సగమే అర్థమయ్యేది. పక్కనే నిలబడ్డ నాకు మొత్తం అర్థమయ్యేది. చెప్పేది మాత్రం అక్కకే.

వాళ్ళు వెళ్ళిన మర్నాడే చలికాలానికి ఇల్లు సిద్ధం చేసే పని మొదలు. నన్నూ తోడు తీసుకెళ్ళేది. పరుపులూ బొంతలూ రెండు రోజులు ఎండబెట్టి, మడతల్లో వేపాకు పెట్టి చుట్టి, ఎలుకలకు అందకుండా దూలాలకు తాళ్ళతో వేలాడదీసేవాళ్ళం. బావి గిలకకు ఆముదం రాసేవాళ్ళం. ఎండుగడ్డికి నిప్పంటుకుంటుందని ఇంటి చుట్టూ నేల చెక్కేవాళ్ళం.

"ఎవరూ ఉండని ఇంటికి గింత చాకిరేందక్కా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"మనుషులుంటే వాళ్ళే చూసుకుంటరు పిల్లా. ఖాళీ ఇంటికి ఎవలున్నరు?" అంది.

మా ఆయన కూడా అన్నం ముందు కూర్చుని, "మా వదినె మూసిన తలుపు ఇగ గాలి గూడ తెరవది" అనేవాడు. ఆ పూట ఆయనకు మారు వడ్డించేదాన్ని కాదు.

ఒక ఏడు సరిగ్గా ఆ పనుల వేళకే అక్క కొడుక్కి జ్వరం వచ్చింది. ఆమె మనసంతా ఇంటి దగ్గరే ఉంది. "వెనక కిటికీ నేనేస్త, నువ్వు లాంతర్లల్ల గ్యాసునూనె తీసెయ్యి" అంది. తాళం వేసి బయల్దేరాక నేను ఇంటి పక్కగా తిరిగి వస్తూ చూశాను. వెనక కిటికీ రెక్క దగ్గరికి వేసి ఉంది కానీ గడియ పడలేదు.

చెప్పలేదు. రేపు చెప్పొచ్చనుకున్నాను. రేపూ చెప్పలేదు. ఒక్కసారి ఆమె చెయ్యి కూడా తప్పుతుందని అందరూ చూడాలనిపించింది. చలికాలమంతా ఆ కిటికీ నా కడుపులో తెరుచుకునే ఉంది.

హోళీకి బాయి వచ్చేసరికి కొండముచ్చులు ఇల్లంతా పాడుచేశాయి. బొంతలు చీల్చి దూది గదులనిండా చిమ్మాయి. డాక్టరు గారి తల్లి పెళ్ళినాటి నిలువుటద్దం ముక్కలైంది. బాయి ఆ ముక్కల దగ్గర చాలాసేపు కూర్చుంది.

"గడియ నేనే మరిసిన బాయి" అంది అక్క.

బాయి ఏమీ తిట్టలేదు. చెయ్యి చాచింది. అక్క నడుము నుంచి తాళంచెవి విప్పి ఇచ్చింది. బాయి దాన్ని నా చేతిలో పెట్టి, నువ్వు చదువుకున్నదానివి, ఇక నువ్వే చూడు అంది. తిరిగి వచ్చే దారంతా అక్క చెయ్యి ఊరికే నడుము తడుముకుంటూనే ఉంది.

ఆ దీపావళి తర్వాత ఒక్కదాన్నే బంగ్లాకు వెళ్ళాను. నేను కట్టిన పరుపు మూడుసార్లు కిందపడింది. చివరికి ఇంటికి వచ్చి అక్క ముందు నిలబడ్డాను. ఆమె చెరుగుతున్న చాట పక్కన పెట్టి నా వెంట వచ్చింది.

ఆమె స్టూలు మీద నిలబడి తాడు ముడేస్తుంటే చెప్పేశాను. "అక్కా, పోయినేడు గడియ పడలేదని నేను చూసిన."

"ఎప్పుడు?"

"తాళమేసి బయటికొచ్చినప్పుడే."

ముడి బిగించి, లాగి చూసింది. "నా మీద గంత కోపముండెనా?"

"కోపం గాదు" అన్నాను.

అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. "బాయి చెప్పేది నాకు సగం సమజే కాకపోతుండె. తాళంచెవి నీకియ్యుమని నేనే అడుగుదామనుకున్న ఆ హోళీకి" అంది. తర్వాత స్టూలు దిగుతూ, "ఇగ పో, వెనక గడియ చూసిరా" అంది.

వెళ్ళి చూశాను. పడే ఉంది. అయినా తీసి మళ్ళీ వేశాను.

ఆ రోజుతో నా ఓర్వలేనితనం పోయిందని రాస్తే అబద్ధం. అంత పెద్ద మాటను అంత మామూలుగా అనగలిగినందుకు కూడా కుళ్ళుకున్నాను. నాకు ఈ జన్మకు అది చేతకాదనిపించింది. ఆ తర్వాత బంగ్లా అమ్ముడుపోయేదాకా తాళంచెవి నా నడుముకే ఉంది. పని మాత్రం ఆమె చెప్పినట్టే చేశాను. ఇవాళ నా ఇంట్లో ఏ పని కుదురుగా జరిగినా అది ఆమె దగ్గర నేర్చిందే.

నేను గడియ సంగతి చెప్పేసిన ఆ సాయంత్రం పొద్దుపోవడంతో ఇద్దరం అడ్డదారిన వాగు దాటి ఇంటికి రావలసి వచ్చింది. నీళ్ళు చల్లగా, మోకాళ్ళ దాకా ఉన్నాయి. అక్క చీర ఎత్తి దోపుకుని ముందు దిగింది. ఒక్కో రాయినీ పాదంతో తడిమి చూస్తూ, వెనక్కి తిరగకుండానే నాకు చెబుతూ పోయింది. "ఇది గట్టిగుంది, అడుగెయ్యి. దాని పక్కది జారుతది, పైలం."